కదలింపకుండుటయు సేవయే

ఆపదలో నున్నవానికి సాయపడుట ధర్మమని చెప్పుటకు శాస్త్రము అక్కరలేదు. అది పసివాడును ఎరిగినదే. చిక్కు సాయపడవలెనా వద్దా అను దానిలో లేదు. ఎట్లు సాయపడవలెనను దానిలో ఉన్నది. మంచి మనసుతో చేసిన పని చెడు ఫలమిచ్చినచో ఆ ఫలమునకు చేసినవాడు బాధ్యుడగునా? "మేలు కోరియే చేసితిని" అన్న మాట, చేయి పోగొట్టుకొన్న వానికి సమాధానమగునా? ఇది వట్టి తర్కమునకై పుట్టిన ప్రశ్న కాదు. ఎముక విరిగినవాడో, కీలు తప్పినవాడో, కండ నలిగినవాడో దారిలో పడియుండగా, అతని చుట్టును చేరిన పదిమంది చేతులలో ప్రతిదినమును పుట్టుచున్న ప్రశ్న.

జవళగిరి పరిసరములను తలచుకొన్నచో ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో తెలియును. కృష్ణగిరి జిల్లాలో, డెంకణీకోట, తళి ప్రాంతములకు చేరువగా, అడవి అంచున ఉన్న ఊరది. తెలుగు, కన్నడము, తమిళము మూడును కలిసి వినవచ్చు సీమ. రాగి పంట కోతకు వచ్చు దినములలో బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగుల మందలు ఈ అడవుల మీదుగా పొలములకు దిగును. రైతులు రాత్రులు మంచెలపై కావలి కాయుదురు. చింతపండు కాలమున కూలివారు ఎత్తైన చెట్లెక్కి కొమ్మలు దులుపుదురు. సంక్రాంతి దినములలో ఎద్దులను వదలు పండుగ జిల్లా పల్లెలలో ప్రసిద్ధము. హోసూరు కర్మాగారములలో పనిచేయువారు తెల్లవారకమునుపే మోటారు సైకిళ్ళపై బయలుదేరుదురు. మంచెపై నుండియో, చెట్టుపై నుండియో, బండిపై నుండియో ఒకడు పడుట ఇట్టి సీమలో వింత కాదు. పడినచోటికి వైద్యుడు తత్క్షణము రాలేడు. మొదట వచ్చువాడు పొరుగువాడే. కావున ఎముకల వైద్యములో మొదటి అధ్యాయము ఆసుపత్రిలో గాక పొరుగువాని చేతిలో జరుగుచున్నది.

ఆ పొరుగువాడు సాధారణముగ ఏమి చేయును? చింతచెట్టుపై నుండి ఒక కూలివాడు పడినాడనుకొందము. ఒకడు పరుగెత్తి వచ్చి చంకలక్రింద చేతులుంచి లేవనెత్తును; "లేచి నాలుగడుగులు వేయి, అదే సర్దుకొనును" అనును. ఇంకొకడు వంకరపోయిన కాలును పట్టి తిన్నగా లాగును. మరియొకడు ఆముదము కాచి తెచ్చి రుద్దును. ఒకడు సోడా త్రాగించును. ఒకడు తన పైగుడ్డ చించి బలముకొలది బిగించి కట్టును. ఐదుగురును దయగలవారే. చేతులు కట్టుకొని చూచుచు నిలిచిన వారికంటె నిశ్చయముగ గొప్పవారే. ఐనను ఆ ఐదు పనులలో ప్రతి ఒక్కటియు హాని చేయగలదు.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. విరిగిన ఎముక కొనలు గాజు పెంకువలె పదునుగా ఉండును. వాని ప్రక్కనే రక్తనాళములు, నరములు పోవుచుండును. పడినప్పుడు తెగని నాళము లేవనెత్తినప్పుడు తెగవచ్చును. పడినప్పుడు చీలని చర్మము లాగినప్పుడు చీలి, ఎముక బయటికి రావచ్చును. అప్పుడు మట్టియు మురికియు లోనికి పోయి, వారములలో అతుకవలసిన ఎముక నెలల తరబడి చీము పట్టును. తొడ ఎముక విరిగినచో బయట ఒక్క చుక్క కనబడకున్నను లోపల ఒక లీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు రక్తము కారవచ్చును. పెద్దవాని ఒంటిలో ఉన్న రక్తము సుమారు 5 లీటర్లే. వ్యాపారి భాషలో చెప్పవలెనన్నచో, మూలధనములో నాలుగవ వంతు పద్దులో కనబడకయే పోయినదన్నమాట. కదలించినకొలది ఆ నష్టము పెరుగును. ముఖము పాలిపోయి, చల్లని చెమట పట్టి, నాడి వేగముగ కొట్టుకొనుచున్నచో ఆ లోపలి నష్టము జరుగుచున్నదని గ్రహింపవలెను.

కదలకుండ ఉంచుట ఎంత గొప్ప వైద్యమో మొదటి ప్రపంచ యుద్ధము లోకమునకు చూపెను. ఆ యుద్ధపు తొలి సంవత్సరములలో తుపాకి దెబ్బకు తొడ ఎముక విరిగిన సైనికులలో 100కి సుమారు 80 మంది మరణించుచుండిరని వైద్య చరిత్రలలో వ్రాయబడినది. కాలును కదలనీక పట్టియుంచు థామస్ చట్రమును యుద్ధభూమికి చేరువనే కట్టి, ఆ తరువాతనే మోసుకొనిపోవు పద్ధతి అమలైన పిమ్మట ఆ సంఖ్య 20కి లోపుగా తగ్గెనని చెప్పుదురు. ఇతర మార్పులును తోడ్పడినవి గాని ముఖ్యమైనది ఇదియే: మోయుటకు ముందు నిలుపుట. ఆ చట్రమును కల్పించిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) ఇంగ్లండులోని లివర్‌పూల్ నగర వైద్యుడు. అతని పూర్వులు వైద్య పట్టము లేకయే ఎముకలు కట్టు వృత్తివారు. అతడు జీవించియుండగా ఆ చట్రమునకు తగిన ఆదరము దొరకలేదు. అతని బంధువును శిష్యుడును అయిన రాబర్ట్ జోన్స్ దానిని యుద్ధరంగమునకు చేర్చెను. నాటు కట్టువారి ఇంట పుట్టిన నేర్పు, పట్టభద్రుని చేతిలో మెరుగై, వేలమందిని బ్రదికించినది.

కదలింపరాదని తెలిసినను, ఏది విరుగుట, ఏది బెణుకుట అని గుర్తించుట ఎట్లు? ఎముక విరిగినచో ఆ చోట వాపు, కమిలిన రంగు, వ్రేలితో తాకినంతనే తాళలేని నొప్పి ఉండును. అవయవము వంకరపోవును, లేదా రెండవదానికంటె పొట్టియగును. కీలు లేనిచోట కదలిక కనబడును. పడినప్పుడు 'టక్కు'మని వినబడెనని గాయపడినవాడే చెప్పును. వృద్ధులు జారిపడి లేవలేక, ఒక కాలు పొట్టియై పాదము బయటికి తిరిగియున్నచో తుంటి ఎముక విరిగినదని అనుమానింపవలెను. కీలు తప్పినచో దాని ఆకారము మారి, బిగిసిపోయి కదలనీయదు. ఎముకకు ఎముకను కట్టియుంచు స్నాయువులు సాగుటయో చిరుగుటయో బెణుకు. కండ పోగులు సాగి తెగుట మరియొకటి.

ఐతే కంటితో చూచి ఇది బెణుకే గాని విరుగుట కాదని పెద్ద వైద్యుడును ఒక్కొక్కప్పుడు చెప్పలేడు. 1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రంట్‌జన్ ఎక్స్‌రే కిరణములను కనుగొన్నది మొదలు ఆ తీర్పు ఛాయాచిత్రమునకు విడువబడినది. "వ్రేళ్ళు ఆడించుచున్నాడు గదా, విరుగలేదు" అను లోకులమాట నమ్మదగినది కాదు. విరిగిన చేతి వ్రేళ్ళును ఆడును. అనుమానమున్నచోట విరిగినట్టే భావించుట న్యాయము. బెణుకును విరుగుటగా ఎంచి బద్ద కట్టినచో నష్టము లేదు. విరిగినదానిని బెణుకని ఎంచి రుద్దినచో నష్టమునకు మేర లేదు. త్రాసు ఎటు మొగ్గునో తూచి చూచువానికి స్పష్టమే.

చేయవలసిన పనులు కొద్ది. మొదట అతడు పలుకుచున్నాడా, ఊపిరి ఆడుచున్నదా, రక్తము కారుచున్నదా అని చూడవలెను. ప్రాణము ముందు, ఎముక తరువాత. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. ఎముక బయటికి వచ్చియున్నచో దానిని లోనికి నెట్టరాదు. ప్రక్కల అదిమి, పైన శుభ్రమైన గుడ్డ కప్పవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము, మట్టి చల్లరాదు. గాజులు, ఉంగరములు, కడియములు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయవలెను. అవయవము ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే బద్దలు ఆనించి కట్టవలెను. బద్ద విరిగినచోటికి పైనున్న కీలును, క్రిందనున్న కీలును రెంటిని దాటి ఉండవలెను. వెదురు బద్దలు, గొడుగు, మందమైన అట్ట, చుట్టిన వార్తాపత్రిక ఏదైనను సరిపోవును; ఒంటికి ఒత్తుకొనకుండ మెత్తని గుడ్డ పరువవలెను. ముడి విరిగినచోట వేయరాదు. బద్ద దొరకనిచో చేతిని ఛాతికి ఆనించి తుండుగుడ్డతో మెడకు వ్రేలాడదీయవచ్చును. కాలిని బాగుగానున్న రెండవ కాలితో జతపరచి కట్టవచ్చును. తప్పిన కీలును లాగి సరిచేయబూనరాదు. వట్టి బెణుకైనచో మొదటి రెండు దినములు కాపడము, మర్దన మాని, విశ్రాంతినిచ్చి, గుడ్డలో చుట్టిన మంచు గాని చల్లని తడిగుడ్డ గాని 15, 20 నిమిషములు చొప్పున ఉంచి, కాలిని ఎత్తుగా పెట్టుట మేలు.

కట్టులో అన్నిటికంటె కష్టమైనది బిగువు. ఈ సంగతి ఈ దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుతుడు కీళ్ళు తప్పుటలో ఆరు విధములు, ఎముకలు విరుగుటలో పండ్రెండు విధములు చెప్పినాడు. మర్రి, రావి, మేడి మొదలగు చెట్ల పట్టలతోడను, వెదురుతోడను బద్దలు కట్టుమన్నాడు. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, బిగిసినచో వాపు, నొప్పి, చీము కలుగుననియు హెచ్చరించి, నడిమి బిగువునే మెచ్చుకొన్నాడు. చలికాలమున 7, సమశీతోష్ణ కాలమున 5, ఎండకాలమున 3 దినములకొకసారి కట్టు విప్పి కట్టవలెనన్నాడు. 1881లో జర్మనీ శస్త్రవైద్యుడు వోల్క్‌మన్ అదే సత్యమును మరియొక దారిన కనుగొనెను. మోచేతి దగ్గర విరిగిన పిల్లల చేతులకు బిగువైన కట్టు కట్టినప్పుడు రక్తము ఆడక కండలు చచ్చి, చేయి గోరువలె ముడుచుకొనిపోవునని అతడు వ్రాసెను. రక్తము ఆడని కండ సుమారు 6 గంటలలోనే కోలుకొనరాని స్థితికి వచ్చును. అనగా తండ్రి ఉదయము ప్రేమతో కట్టిన గుడ్డ, సాయంకాలమునకు కుమారుని చేతిని జీవితాంతము ముడిచివేయగలదు. కావున కట్టిన పిమ్మట వ్రేళ్ళ కొనలను మాటిమాటికి చూడవలెను. అవి పాలిపోయినను, నల్లబడినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, వ్రేళ్ళు చాచినప్పుడు పిల్లవాడు తాళలేక ఏడ్చినను వెంటనే కట్టు వదులు చేసి ఆసుపత్రికి పోవలెను. ఆ ఏడుపును గారాబమనుకొనరాదు.

తెలుగువారికి ఎముకల కట్టు అనగానే గుర్తుకు వచ్చునది పుత్తూరు. పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఆ ఊరి దగ్గర రాజుల కుటుంబము తరతరములుగా ఆకు పసరుతో, వెదురు బద్దలతో కట్లు కట్టుచున్నది. తమిళ సీమ పట్టణములలో కూడ 'పుత్తూరు కట్టు' అను పలకలు కనబడును. నాటు కట్టును పూర్తిగా తిట్టుటయు, ఆసుపత్రిని పూర్తిగా తిట్టుటయు రెండును తొందరపాటే. థామస్ చరిత్ర ఆ గోడ అవసరము లేదని చూపినది. అడుగవలసినది ఎవరి కట్టు అని కాదు. ఛాయాచిత్రము తీసిరా? కట్టుటకు ముందును తరువాతను వ్రేళ్ళలో నాడి చూచిరా? చర్మము చీలిన గాయమును ఆసుపత్రికి పంపిరా? ఈ మూడు ప్రశ్నలు పట్టభద్రునికిని నాటు కట్టువానికిని ఒకటే.

ధర్మసంకటము నిజముగ ఎదురగునది నీటి విషయమున. దాహమని అడిగినవానికి నీరు పోయుట గొప్ప పుణ్యమని వేసవిలో చలివేంద్రములు పెట్టు జాతికి, నొప్పితో నాలుక ఎండిన మనిషి నీరడిగినప్పుడు ఈయకుండుట ఎంత కఠినము! కాని పెద్ద ఎముక విరిగినవానికి కొన్ని గంటలలోనే మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయవలసి రావచ్చును. కడుపునిండ త్రాగినవానికి మత్తులో వాంతియై ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు. అందువలన పెదవులు తడిపి, చేయి పట్టుకొని, "కొంచెము ఓర్చుకో, ఆసుపత్రికి పోవుచున్నాము" అని చెప్పువాడే నిజమైన దయ చూపువాడు. సోడా త్రాగించినవానికి వెంటనే తృప్తి కలుగును. పెదవులు మాత్రము తడిపినవానికి ఆ తృప్తి లేదు. చుట్టునున్నవారి నింద కూడ పడవచ్చును. ఇచటనే దయకు పరీక్ష. గాయపడినవాని మేలు ముఖ్యమా, సాయపడినానను తన తృప్తి ముఖ్యమా?

వెన్నెముక విషయమున ఈ పరీక్ష ఇంకను తీవ్రము. ఎత్తునుండి పడినవానికి మెడలోగాని వెన్నులోగాని నొప్పియున్నను, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కినను, తెలివి తప్పినను వెన్ను విరిగినట్టే భావింపవలెను. విరిగిన వెన్నుపూసల నడుమ వెన్నుపాము ఇంకను నలుగక యుండవచ్చును. అట్టివానిని కూర్చుండబెట్టినను, ఇద్దరు చంకలు, ఇద్దరు కాళ్ళు పట్టి మడిచి ఎత్తినను, ఆటోలో ముడుచుకొని కూర్చుండబెట్టి తీసికొనిపోయినను, నడువగలిగియుండిన మనిషి ఆ నిమిషముననే జీవితాంతము మంచము పట్టవచ్చును. ఒకడు తలను రెండు చేతులతో కదలనీక పట్టుకొనవలెను. మిగిలినవారు వాహనము వచ్చువరకు వేచియుండవలెను. తప్పనిసరియైనచో నలుగురైదుగురు ఒక్క మాటమీద, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు, మొద్దును దొర్లించినట్లు తిప్పి వెడల్పైన పలకపై పరుండబెట్టవలెను. ఐతే ఇదియు గ్రుడ్డి నియమము కాదు. వాహనములు దూసుకొనివచ్చు దారి నడుమ పడియున్నను, నిప్పు అంటుకొన్నను, ఏనుగు దగ్గరనున్నను, ఊపిరి ఆడకున్నను ప్రాణమే ముందు. అప్పుడు కదలింపక తప్పదు.

"తెలియక చేయుటకంటె దూరముగ నిలుచుటయే మేలు గదా" అని కొందరు ఇదంతయు విని అనవచ్చును. అది సరికాదు. నిలిచి చూచుట నిగ్రహము కాదు, తప్పించుకొనుట. కదలింపకుండ పట్టియుండుటకు ఒక మనిషి కావలెను. వట్టి గాలి ఆ పని చేయదు. పోలీసు వ్యవహారమగునను భయమునకును నేడు చోటు లేదు. గాయపడినవారికి సాయపడినవారిని వేధింపరాదనియు, పేరు చెప్పుమని బలవంతపెట్టరాదనియు తెలుపు నియమములను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో ఆ రక్షణ చట్టరూపము దాల్చెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో తమిళనాడుకును వచ్చినది. ఆ మూడు అంకెలు నొక్కి, చోటు స్పష్టముగ చెప్పి, వాహనము వచ్చువరకు గాయపడినవాని తలదగ్గర కూర్చుండుట ఏ చదువు లేనివానికిని సాధ్యమైన సేవ.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చినచో, మంచి మనసుతో చేసిన హానికి బాధ్యత కలదా? ఉమాస్వామి యనియు పిలువబడు ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున హింసను నిర్వచించునప్పుడు ద్వేషము అను మాటను గాక ప్రమాదమునకు సంబంధించిన మాటను వాడినాడు. తెలుగున ప్రమాదమనగా దారిలో జరుగు అపాయము. శాస్త్రమున ప్రమాదమనగా ఏమరుపాటు, మెలకువ లేకపోవుట. ఏమరి నడచువాని వలన ప్రాణములకు కలుగు హానియే హింస. ఈ రెండు అర్థములు ఒకే మాటలో కలియుట ఆలోచింపదగినది. చెట్టుపై నుండి పడుట మొదటి ప్రమాదము. పడినవానిని ఆలోచింపక పట్టి లాగుట రెండవ ప్రమాదము. మొదటిది కొన్ని వేళల తప్పింపరానిది. రెండవది ఎల్లప్పుడును తప్పింపదగినది.

తెలియనివానిని ఒకసారి క్షమింపవచ్చును. తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొననివానికి ఆ క్షమ ఎంతకాలము చెల్లును? అన్న, ఔషధ, జ్ఞాన, అభయ దానములని పెద్దలు నాలుగు చెప్పినారు. మొదటి రెంటికి ధనము కావలెను. మిగిలిన రెండును, దారిలో పడినవాని ప్రక్కన కూర్చున్న బీదవాడును ఈయగలడు: ఏమి చేయరాదో తెలిసియుండుట, భయపడకుమని చెప్పుట.

కూలివానికి చేయే మూలధనము, కాలే అంగడి. అది పోయినచో ఇల్లు పోవును, పిల్లల చదువు పోవును. ఆ మూలధనమును కాపాడుటకు కావలసిన సరకు స్వల్పము. మీటరు వెడల్పు, మీటరు పొడవు గల నూలుగుడ్డను మూలనుండి మూలకు కత్తిరించినచో రెండు త్రికోణపు కట్లగును. అట్టివి నాలుగు, వెదురు బద్దలు నాలుగు, శుభ్రమైన దూది, ఒక వెడల్పైన పలక దారిప్రక్క అంగడిలో ఒక మూల ఉంచుటకు లాభనష్టముల లెక్క అక్కరలేదు. బడులలో పై తరగతి పిల్లలకు ఏటికొక దినము ఈ కట్లు నేర్పించినచో ప్రతి వీధికిని ఒక తెలిసినవాడు ఏర్పడును. గుంపులో పదిమంది లేవనెత్తుటకు చేతులు చాపినప్పుడు, ఆ ఒక్కడు ముందుకు వచ్చి "ఆగండి, కదలింపవద్దు" అని చెప్పగలిగినచో చాలును. ఆ మాట చెప్పినందుకు అతనికి ఎవరును దండ వేయరు. విరిగిన ఎముక అతికి, మనిషి మరల చెట్టెక్కిననాడు ఆ మాట ఎవరికిని జ్ఞాపకముండదు. సేవ జరిగినదనుటకు అదియే గుర్తు.